సముద్రం అడుగు మన్ను

జూలై 14, సోమవారం. హిందూపురం.

ఈ డైరీ పని కోసం. ఇంటి సంగతులు ఇందులో రాయను.

మేడ మీది గది సర్దుకున్నాను. గోవాలోని మా సంస్థ నుంచి తెచ్చిన డబ్బా, మైక్రోస్కోపు క్షేమంగా చేరాయి. డబ్బాలో చిన్న చిన్న ప్లాస్టిక్ సంచులు, ఒక్కో సంచిలో దక్షిణ మహాసముద్రం అడుగున ఒక్కో లోతు నుంచి తీసిన ఎండు మట్టి. పైనున్నది కొత్తది, కిందున్నది పాతది. నా సంచుల్లో ఉన్నది సుమారు ఇరవై వేల ఏళ్ల నాటిది. మా పరిశోధన పేపర్ చదివిన పెద్దమనిషి ఎవరో 'మధ్యలో లోతులు వదిలేశారు, అవి కూడా లెక్కపెట్టండి' అన్నాడు. అవి లెక్కపెట్టడానికి ఇంటి నుంచి పని చేసుకోమని మా గైడు చంద్రశేఖర్ సార్ రెండు నెలలు ఇచ్చారు.

సాయంత్రం నాయన అంగడి నుంచి వచ్చి పైకెక్కాడు. మాది చింతపండు మండీ.

'ఇదేనా నువ్వు ఇన్నేండ్లు చదివిన మన్ను?' అన్నాడు.

వివరించాను. ధ్రువం దగ్గర నేల మీద పేరుకున్న మంచు విరిగి సముద్రంలో పడితే మంచుకొండలవుతాయి. ఆ మంచులో చిన్న రాళ్లు ఇరుక్కుని ఉంటాయి. కొండ కరిగిన చోట రాళ్లు అడుగుకు చేరతాయి. గ్రాము మట్టిలో ఎన్ని రాళ్లున్నాయో లెక్కపెడితే ఆ కాలంలో మంచు ఎంత విరిగిందో తెలుస్తుంది. చింతపండులో గింజ చూసినట్టే అన్నాను.

'గింజ తీసినాక ఈ మన్ను ఎవురు కొంటారప్పా?'

ఎవరూ కొనరన్నాను. నాయన కిందికి పోయాడు.

కీర్తనకు ఐదో నెల నిండింది. రక్తం ఎనిమిదే ఉందని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు నాటికి కనీసం పదికి రావాలంది. రాకపోతే కాన్పులో కొంచెం రక్తం పోయినా తల్లి ప్రాణానికి ముప్పంది. ఐరన్ మాత్రలు రాసింది. నిరుడు నాలుగో నెలలో కడుపు పోయింది కాబట్టి ఈసారి అందరం జాగ్రత్తగా ఉన్నాం. ఇంటి సంగతి ఇది ఒక్కటే.

జూలై 16

పని మొదలు. కీర్తన పైకి వచ్చి పక్కన కూర్చుంది. సంచి విప్పగానే ముందుకు వంగి గట్టిగా గాలి పీల్చింది.

'వాన పడినప్పటి వాసన వస్తాంది' అంది.

ఎండబెట్టిన మట్టికి వాసన ఉండదని చెప్పాను. మట్టిని పళ్ల మధ్య పెట్టి కొరికి చూపించాను. మెత్తగా ఉంటే బంకమట్టి, గరగరమంటే ఇసుక కలిసింది. ఎమ్మెస్సీలో నేర్పిన పద్ధతే. కీర్తన నా నోటి వంక రెప్ప వేయకుండా చూసింది. నా పని మీద ఆమెకు ఇంత శ్రద్ధ పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. సంతోషం వేసింది.

జూలై 24

212 సెంటీమీటర్ల లోతు సంచి మీద గోవాలో రాసిన బరువు పద్దెనిమిది గ్రాములు. ఇక్కడ తూస్తే పదకొండు. త్రాసు మా బంధువుల నగల అంగడిది, దాన్ని అనుమానించడం మర్యాద కాదు. మట్టిలో మిగిలిన తేమ ఆరిపోయి ఉంటుంది. రాసి పెట్టుకున్నాను.

జూలై 25

213, 214 కూడా అంతే. హిందూపురం గాలి చాలా పొడి.

జూలై 28

సార్‌కు ఫోన్ చేసి తేమ సంగతి చెప్పాను.

'ఫ్రీజ్ డ్రయ్యర్‌లో ఎండబెట్టిన మట్టిలో తేమ ఎక్కడిది ఫణీ?'

అదే కొత్త సంగతి సార్ అన్నాను. సార్ 'ఊఁ' అన్నారు. ఆయన ఊఁ అంటే ఒప్పుకున్నట్టే.

కీర్తన మధ్యాహ్నాలు నా గదిలోనే పడుకుంటోంది. కింద ఉక్కపోత అంటుంది. నేను భోజనానికి దిగినప్పుడు కూడా తను పైనే ఉంటుంది. ఆకలి లేదట. నెలలు నిండే కొద్దీ అట్లాగే ఉంటుందని విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తు లేదు.

ఆగస్టు 3

జాగ్రత్తగా రాయాలి, తొందరపడకూడదు.

212 నుంచి 219 వరకు గ్రాముకు రాళ్లు మామూలు కంటే దాదాపు రెండింతలు. అంతకు పైనున్న లోతుల్లో ఇదేమీ లేదు. అంటే ఆ కాలంలో ధ్రువపు మంచు ఒక్కసారిగా విరిగి, మంచుకొండలు గుంపులుగా బయల్దేరాయి. ఆ కాలంలో అట్లా జరిగినట్టు ఇంతవరకు ఎవరూ రాయలేదు. నేను చదివినంతలో ఎవరూ రాయలేదు. మళ్లీ లెక్కపెట్టాను. రాళ్లు అన్నే ఉన్నాయి. చాలా శుభ్రంగా ఉన్నాయి కూడా, కడిగి పెట్టినట్టు. సముద్రం పని.

కిందికి దిగి అమ్మకు చెప్పాను. 'మంచిదప్పా, అన్నం తిను' అంది.

ఆగస్టు 11

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. రక్తం పెరగలేదు. ఏడుకు దిగింది. మాత్రలు వేసుకుంటోందా అని నన్నడిగింది. వేసుకుంటోందన్నాను. నేను చూస్తూనే ఉన్నాను, రోజూ వేసుకుంటోంది. డాక్టరమ్మ మాత్ర మార్చింది, ఇంకా దిగితే పెద్దాసుపత్రికి రాస్తానంది. ఖర్జూరాలు, రాగులు కొన్నాను.

ఆటోలో కీర్తన నా చేయి పట్టుకుంది. 'ఈసారి గూడా పోతాదేమో' అంది. పోదన్నాను. ఏ ఆధారంతో అన్నానో నాకే తెలియదు. నాకూ భయంగానే ఉంది. ఇంటికొచ్చి 223 మొదలుపెట్టాను.

ఆగస్టు 19

మంచు విరిగిన ఈ సంఘటన పెద్దదవుతోంది. 230 వరకు వచ్చింది. మొదట మూడు నాలుగు వందల ఏళ్లనుకున్నాను, ఇప్పుడు వెయ్యి దాటింది. మంచు విరుగుతూనే ఉంది. సార్‌కు గ్రాఫ్ పంపాను. పది నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశారు. పన్నెండేళ్లలో ఆయన నాకు ఫోన్ చేయడం ఇది రెండోసారి. మొదటిసారి వేరే ఫణికి చేయబోయి నాకు చేశారు.

ఆగస్టు 20

కీర్తన మెట్లెక్కితే ఆయాసపడుతోంది. పైకి రావద్దన్నాను. 'నాకు ఈడే బాగుంటాది' అంది.

నా మీద ప్రేమ అని రాయడానికి మొహమాటంగా ఉంది. కానీ ఇంకేముంటుంది?

ఆగస్టు 28

నిన్న వినాయక చవితి. మట్టి విగ్రహం తెచ్చాం, రంగు లేనిది. ఈరోజు పొద్దున చూస్తే వినాయకుడి ముందు ఎలుక లేదు. పీట మీద అది ఉన్న చోట గీరిన గుర్తు ఉంది. అమ్మ బెంబేలెత్తిపోయింది. బజారులో అతికించింది సరిగా అతికించలేదని, ఊడి ఎక్కడో పడిపోయిందని నేను తేల్చాను. ఇల్లంతా వెతికాం. కీర్తన కూడా వెతికింది.

నిమజ్జనం ఎలుక లేకుండానే జరిగింది.

ఆగస్టు 31

వచ్చే నెల గోవాలో జరిగే సభలో సార్ నా గ్రాఫ్ చూపిస్తారు. సంఘటనకు పేరు పెట్టమన్నారు. రకరకాలుగా రాసి కొట్టేశాను. 240 తో సంఘటన ముగిసింది, దాదాపు రెండు వేల ఏళ్లు. డబ్బాలో ముందు వరుస సంచులు కూడా సరిగ్గా 240 తోనే అయిపోతాయి. వెనక వరుసలో 241 నుంచి అంతా మామూలే. ప్రకృతి ఒక్కోసారి ఇంత శుభ్రంగా గీత గీస్తుంది.

సెప్టెంబర్ 4, గురువారం. ధర్మవరం.

వరసగా రాస్తాను.

ఏడో నెలలో కీర్తనను పుట్టింటికి పంపాలి. మహాలయ పక్షం రాకముందే పంపాలని అమ్మ పట్టుబట్టింది. తీసుకుపోవడానికి మా అత్త రమాదేవి రావాలి. మోకాలి నొప్పితో రాలేకపోయింది కాబట్టి నేనే దిగబెట్టాలి. కారులో కుదుపు ఎక్కువని అమ్మ బస్సుకే పొమ్మంది. రాహుకాలంలో ధర్మవరంలో అడుగు పెట్టకూడదు, అందుకని అది పోయేదాకా పెనుకొండలో మా చిన్నమ్మ అలివేలమ్మ ఇంట్లో ఆగమంది.

చిన్నమ్మ భోజనం పెట్టింది. కీర్తన రెండు ముద్దలు తిని పెరట్లోకి వెళ్లింది. చిన్నమ్మ ఇంటి వెనక పాత మట్టిగోడ ఉంది. ముందురోజు వాన పడి తడిసి ఉంది. బస్సుకు టైమవుతోందని పిలవడానికి వెళ్లాను. కీర్తన గోడ పక్కన నిలబడి గోరుతో గీరుతోంది. చేతికి అంటింది గోడకు తుడుస్తోందనుకున్నాను. తర్వాత నోట్లో పెట్టుకుంది. పంటిలో ఏదో ఇరుక్కుందనుకున్నాను. మళ్లీ గీరింది.

నా వెనకే చిన్నమ్మ నిలబడి ఉంది.

'ఏమప్పా ఫణీ, పిల్ల మన్ను తింటాంది. మొకం జూడు ఎట్ల పాలిపోయి ఉండాదో. ఇంట్లో ఎవురూ చూడల్యా?'

'నేను చూస్తానే ఉండా చిన్నమ్మా.'

'ఏం చూస్తాండావు?'

ఆమె నా జవాబు కోసం ఆగలేదు, కీర్తన దగ్గరికి పోయి నోరు కడిగించింది.

బస్సులో కీర్తన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దాటాక అంది.

'మీ మన్ను గూడా తిన్నా.'

అప్పుడు నేను అడిగిన మొదటి మాట ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది నేను తప్ప ఎవరూ చదవరు. 'ఏ సంచీ?' అని అడిగాను.

'రెండు వందల పన్నెండు కాన్నించి. ముందర వరసంతా. మీరు పంటితో కొరికి చూపిచ్చినారు గదా, ఆ పొద్దు మొదలైంది. మనుషులు తొక్కని మన్ను గదా, ఏమీ కాదులే అనుకున్నా.'

'రాళ్లు?'

'పంటి కింద పడినేవన్నీ కడిగి ఆరబెట్టి మళ్లా సంచిలోనే ఏసినా. మీరు లెక్కబెట్టేది రాళ్లే గదా. ఒక్కటి గూడా పోనీలేదు.'

టికెట్టు వెనక లెక్క వేశాను. మట్టి పోయి రాళ్లన్నీ ఉంటే గ్రాముకు రాళ్లు పెరుగుతాయి. మంచు విరగలేదు. మంచుకొండలు రాలేదు. రెండు వేల ఏళ్ల ఆ ఉత్పాతమంతా మధ్యాహ్నం పూట నా గదిలో జరిగింది. నా లెక్క తప్పకూడదని ఆమె పడిన జాగ్రత్తే లెక్కను తప్పించింది.

'నాకెందుకు చెప్పలేదు?' అన్నాను.

'నిరుడు బలపాలు తిన్నందుకే కడుపు పోయిందని మీయమ్మ అనింది. ఈసారి తినకూడదని ఒట్టు పెట్టుకున్నా. ఆగలేకపోయినా. చెప్తే మీరు గూడా అదే మాట అంటారని భయమైంది.'

నేనట్లా అనను అని చెప్పాలి. నా చేతిలో టికెట్టు ఉంది, దాని మీద 212 నుంచి 240 అని నేను రాసిన అంకెలు ఉన్నాయి. ఆమె వాటిని చూస్తోంది. టికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ధర్మవరం బస్టాండులో దిగుతూ మెట్టు మీద కళ్లు తిరిగి నా మీదికి ఒరిగింది. మనిషి బరువే లేదు.

సెప్టెంబర్ 5

ఆసుపత్రి. ఇక్కడి డాక్టరమ్మ ఆమె కింది రెప్ప లాగి చూసి, నా వంక చూసింది. రక్తం ఆరు కంటే తక్కువ. వెంటనే ఎక్కించాలంది.

మాత్రలు రోజూ వేసుకుంటోందని చెప్పాను.

'వేసుకుంటే ఏం లాభం? కడుపులో బంకమట్టి ఉంటే ఐరనంతా అదే లాగేసుకుంటాది. ఒంటికి పట్టదు. నువ్వు ఏం చదువుకున్నావు?'

బంకమట్టి ఇనుమును పట్టి ఉంచుతుందన్న సంగతి నాకు తెలుసు. నా థీసిస్‌లో మూడో అధ్యాయం దాని మీదే. మట్టి గురించే చదువుకున్నానని డాక్టరమ్మకు చెప్పలేదు. కంప్యూటర్లని చెప్పాను.

సెప్టెంబర్ 6

ఒక సీసా నిన్న ఎక్కింది. మా మామ ఇచ్చిన రక్తమే. ఇప్పుడు రెండోది ఎక్కుతోంది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట.

సంఘటన అని ఇన్నాళ్లు రాశానే, ఆ మాట చూస్తే అసహ్యం వేస్తోంది.

సెప్టెంబర్ 9

సార్‌కు ఫోన్ చేశాను.

'సార్, అది జరగలేదు.'

'ఏది?'

'మంచు విరగడం.'

'మరి రాళ్లు ఉన్నాయిగా.'

'రాళ్లు ఉన్నాయి సార్. మట్టే తగ్గింది.'

'మట్టి ఏమైంది?'

'మా ఆవిడ తినింది.'

సార్ సభకు పేరిచ్చేశారు, గ్రాఫ్ నలుగురికీ చూపించేశారు, అదంతా నాకు తెలుసు.

'ఆమె ఎట్లా ఉందయ్యా?' అన్నారు.

ఏడుపొచ్చింది. బస్సులో నేను అడగాల్సిన మాట గోవా నుంచి వచ్చింది. బాగుంది సార్ అని చెప్పి పెట్టేశాను.

కీర్తన దగ్గరికి పోయి 'నేను అమ్మలాగ అననులే' అన్నాను. ఐదు రోజులు ఆలస్యం. 'తెలుసు' అంది. ఆమెకు తెలియదు. నా కోసం అంది.

సెప్టెంబర్ 22

ఏడున్నర. ఐరన్ సూది వారం వారం వేస్తున్నారు. సార్ గడువు పొడిగించారు. ధర్మవరంలో పని లేదు, కూర్చుంటున్నాను. ఆమెకు ఏం తినాలనిపిస్తోందో అడుగుతున్నాను. మొదట్లో సంగటి, గోంగూర అని చెప్పేది. ఈరోజు నిజం చెప్పింది. 'వాన పడితే కిటికీ మూసేయండి' అంది. మూశాను.

అక్టోబర్ 5

అమ్మ వచ్చింది. మన్ను సంగతి ఎవరు చెప్పారో తెలుసు, పెనుకొండ చిన్నమ్మ. గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చుని ఖర్జూరాల డబ్బా విప్పింది. నేను లేచి పోబోయాను. కూర్చోమంది.

'నిరుడు నేనట్ల అనింది తప్పు' అంది కీర్తనతో. 'కడుపు పోయిందని బాధతో నోటికొచ్చింది అన్నా. ఫణి కడుపులో ఉన్నప్పుడు నేను గూడా తిన్నాలే. మండీలో పాత గోడ ఒకటుండె. మీ మామ చూసి సున్నం కొట్టిచ్చినాడు. సున్నం గూడా బాగుండె.'

కీర్తన నవ్వింది. చాలా రోజులైంది ఆమె నవ్వి.

'అందుకేనేమో వీనికి మన్ను చదువొచ్చింది' అంది అమ్మ, నన్ను చూపించి. ఇద్దరూ కలిసి నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపల మాత్రం ఇంట్లో ఇన్నేళ్లుగా ఉన్న ఈ సమాచారం నాకెవరూ ఇవ్వలేదేమని కోపం వచ్చింది. అడిగానా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అక్టోబర్ 13

తొమ్మిది.

అక్టోబర్ 30

పది దాటింది. డాక్టరమ్మ మొదటిసారి నాతో మామూలుగా మాట్లాడింది. నా కంప్యూటర్ల ఉద్యోగం ఎట్లా ఉందని అడిగింది. బాగుందన్నాను.

కాన్పులో రక్తం పోతే అన్న భయం పోలేదు. కాన్పయ్యేదాకా పోదు. మామను, పక్కింటి కుళ్లాయప్పను రక్తం ఇవ్వడానికి సిద్ధంగా ఉండమని చెప్పాను. రోజూ చెబుతున్నాను. కుళ్లాయప్ప నన్ను చూస్తే పక్క సందులోకి పోతున్నాడు.

నవంబర్ 9

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. రక్తం పోయింది కానీ ప్రమాదం లేదన్నారు.

ఇంకేమీ రాయలేను.

నవంబర్ 16, ఆదివారం. ధర్మవరం.

గోవా నుంచి మెయిల్ వచ్చింది. మట్టి భద్రపరిచే విభాగం వాళ్లకు ప్రతి గ్రాముకు లెక్క చెప్పాలి. ఒకసారి తీసిన మట్టి మళ్లీ రాదు, మళ్లీ ఓడ పంపి గొట్టం దించినా అదే చోటు దొరకదు. నేను తీసుకుపోయిన సంచుల్లో మట్టి ఎందుకు తగ్గిందో, దేనికి వాడారో రాయమన్నారు. పేపర్‌లో ఆ భాగం ఎట్లాగూ తీసేస్తున్నాం. గ్రాఫ్‌లో 212 నుంచి 240 వరకు గీత ఉండదు. ఎందుకు లేదని చదివినవాళ్లు అడుగుతారు.

'ప్రయాణంలో పాడైంది' అని రాశాను. పంపేముందు కీర్తనకు చదివి వినిపించాను. ఆమె ఒళ్లో పిల్ల పాలు తాగుతోంది.

'ప్రయాణంలో పాడైందా?'

'అట్ల రాస్తే ఎవరూ అడగరు.'

'దాచి దాచి నేను చచ్చేదాన్ని. మళ్లా మీరు దాస్తాండారా? నేను తిన్నానని రాయండి. పేరు గూడా రాయండి.'

'సైన్సు వాళ్లు నవ్వుతారు కీర్తనా.'

'నవ్వనీండి. బతికుండా గదా, నేను గూడా నవ్వుతా.'

కొట్టేసి మళ్లీ రాశాను. 212 నుంచి 240 సెంటీమీటర్లు: నా భార్య కీర్తన గర్భవతిగా ఉన్నప్పుడు తిన్నది. రాళ్లు భద్రంగా ఉన్నాయి, తగ్గింది మట్టే. చదివి వినిపించాను. ఆమె విని, పిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

'సగం దీనికే పోయింది. దీని పేరు గూడా పెట్టండి.'

పేరింకా పెట్టలేదు. కీర్తన పేరు పక్కన 'మరియు' అని రాసి, కొంచెం చోటు వదిలి, పంపకుండా ఉంచాను.